పురుగు లేని పట్టు

సిరువా కొండ వాలులో మా ఇంటి వెనక
మేకలు కూడా మూతి పెట్టని మొక్క ఒకటుంది, కిత్తనార.
ఆకు కొసన ముల్లు, అంచున రంపం,
కడుపులో మాత్రం నార.
"నోటి దురుసు మనిషి," అనేది దాన్ని మా అత్త టూడా,
"లోపల మెత్తనే. దగ్గరికి రానివ్వదు, అంతే."

పొద్దు పొడవకముందే కోసేది ఆకులు.
వాగులో బల్లపరుపు రాయి మీద పరిచి
గుండ్రాయితో దంచేది.
పసరు మోచేతుల దాకా చిమ్మేది.
దురద మూడు రోజులు.
దంచి, నానబెట్టి, గీకి, ఉతికి, ఆరేస్తే
గాడిద మోతంత ఆకుకి పిడికెడు దారం.
ఆ పిడికెడులో కొంత దానిమ్మ తొక్కకి,
కొంత మంజిష్ఠ వేరుకి.
నీలిమందు ఖరీదు, అది పెళ్ళిళ్ళకే.
తడారాక ఒక పోగు వేలికి చుట్టుకుని
ఎండకేసి చెయ్యి చాపేది.
మెరిసేది.
ఏ పురుగునీ ఉడకబెట్టని పట్టు.
"చచ్చేది నేనే," అని నవ్వేది, చేతులు గోక్కుంటూ.

పడుగు సాగదీసి మగ్గానికి కట్టిన రోజున
గుడ్డకి ప్రాణం వచ్చినట్టు మా దగ్గర.
అందుకే నేత ముగిసి కోసేముందు
గిన్నెడు నీళ్ళు చిలకరిస్తాం,
ప్రయాణం కట్టిన ప్రాణానికి గొంతు తడిపినట్టు.

తర్వాత ప్రతి గురువారం మోహా వ్యాను రావడం మొదలైంది.
అట్టపెట్టెలు దించాడు. అన్నీ కండెలే,
మిషను చుట్టినవి, తొమ్మిది రంగులు,
ముడి లేదు, పీచు లేదు, వాసన లేదు.
"ఇదీ కిత్తనారే," అన్నాడు నేల చూస్తూ,
"అమ్మేటప్పుడు ఇదీ కిత్తనారే."
నేనేమీ అనలేదు.
తిత్రీత్‌కి కళ్ళజోడు కావాలి,
కప్పు ఒక మూల కుంగింది.
పదకొండు నేశాను.
మెరుపు దానికే ఎక్కువ, దాచడమెందుకు.
ఆ పదకొండింటికీ నీళ్ళు చల్లలేదు.
కత్తెర పెట్టాను, మడిచాను, లెక్క రాయించుకున్నాను.

ఒకసారి ఆ వ్యానులో ఎవరో దూరదేశపు మనిషి దిగింది.
గుడ్డని చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకుంది.
ఏదో అడిగింది, మోహా మా మాటలోకి మార్చాడు:
దీనికి ఎన్ని ఆకులు పట్టాయట?
నలభై, అన్నాను.
ఆమె అబ్బురంగా నా చేతులకేసి చూసింది.
రాత్రి పడుకుని లెక్కేశాను.
నిజమైనదైతే మూడొందలు దాటేవి.
అబద్ధంలో కూడా అత్త కష్టాన్ని చవగ్గా అమ్మేశాను.

అత్తకి ఇప్పుడు చూపు లేదు.
పన్నెండోది మగ్గం మీద ఉండగా
గోడ తడుముకుంటూ వచ్చి
అరచేతిని పైనుంచి కిందికి దించింది,
కంచరగాడిద మెడ నిమిరినట్టు.
నా ఊపిరి ఇనుప దువ్వెన పళ్ళలో ఇరుక్కుంది.
"దురద లేదే దీనికి," అంది.
కోపం కూడా లేదు ఆ మాటలో.
ఆ వేళ్ళు ఇంకా కిందికి జారి ఒకచోట ఆగాయి.
పిల్లకి జ్వరం వచ్చిన రాత్రి నేసిన జానెడు అది,
నిద్ర ఆపుకోవడానికి దువ్వెన గట్టిగా కొట్టిన చోటు.
"ఇక్కడ పట్టు ఉంది," అంది.

కోసే రోజున తనే అడిగింది గిన్నె.
వద్దత్తా, దీనికొద్దు, అన్నాను.
"దారం ఎవడిదైతేనేం, పోయినవి నీ రోజులేగా."
వేళ్ళు ముంచి చల్లింది,
సగం గుడ్డ మీద, సగం నా మొహం మీద.

తడి మరకలు చూపించి
మోహా ఇరవై దిర్హాములు తగ్గించాడు.

ఆ సాయంత్రం కొడవలి తీసుకుని ఇంటి వెనక్కి వెళ్ళాను.
ఒక్క ఆకు.
దంచడం సరిగా రాలేదు, పీచు తెగింది,
తిత్రీత్ జడ కొసకి చుట్టడానికి కూడా చాల్లేదు.
చేతులు మాత్రం
మలుపు దగ్గర వ్యాను హారను వినబడేదాకా
మండుతూనే ఉన్నాయి.